ఏడీహెచ్‌డీ ఉన్న ఆటగాడికి క్లబ్బు ఏం చేయాలి: మనవలకు అమ్మమ్మ ఉత్తరం

కాకినాడ,
సంక్రాంతి వెళ్ళిన వారం

చిరంజీవులైన మనవళ్ళకూ మనవరాళ్ళకూ అమ్మమ్మ ఆశీస్సులు.

పండుగకు వచ్చినప్పుడు మీరు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. ఏడీహెచ్‌డీ ఉన్నవారికి మనసు ఒకచోట నిలవదంటారే, మరి వారిలో కొందరు ఒలింపిక్ పతకాలు ఎలా గెలుస్తున్నారన్నది మొదటిది. దానికి వాడే మందు వేసుకుంటే అది డోపింగ్ కాదా అన్నది రెండవది. ఇంటినిండా చుట్టాలు, చేతినిండా గారెల పిండి ఉన్న వేళ అటువంటి విషయం చెప్పబోతే సగంలో ఆగిపోతుందని అప్పుడు ఊరుకున్నాను. చాలాకాలం పిల్లల వైద్యం చేసి, జిల్లా కబడ్డీ, వాలీబాల్ పోటీల్లో ప్రథమ చికిత్స బల్ల వెనుక కూర్చున్నదాన్ని కనుక ఈ సంగతి ఆసుపత్రి వైపు నుంచీ, ఆట వైపు నుంచీ కొంత తెలుసు. మీలో ఒకడు జూన్‌లో అకాడమీ హాస్టల్లో చేరబోతున్నాడు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఏడీహెచ్‌డీ మెదడు ఎదుగుదలకు సంబంధించిన తేడా. పిల్లల్లో సుమారు 5 శాతం మందిలో ఉంటుంది, చాలామందిలో పెద్దయ్యాక కూడా ఎంతోకొంత మిగులుతుంది, తల్లిదండ్రుల నుంచి సంక్రమించే అవకాశం ఎక్కువ. కొందరిలో పరధ్యానం, మరుపు ముందు కనిపిస్తాయి; కొందరిలో కుదురులేమి, తొందరపాటు; చాలామందిలో అన్నీ కలిసే ఉంటాయి. ఆ లక్షణాలు పన్నెండేళ్ళ లోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ కూడా కనిపిస్తూ, రోజువారీ పనులకు అడ్డు తగులుతుంటేనే వైద్యులు ఆ పేరు పెడతారు. ఇది పెంపకంలో లోపం కాదు, బద్ధకమూ కాదు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలో నీరు నిండుగా ఉన్నా, తూము తలుపు వేళకు ఎత్తి వేళకు దించే మనిషి లేకపోతే ఒక చేను మునుగుతుంది, పక్క చేను ఎండుతుంది. వీరి శ్రద్ధ కూడా అటువంటిదే: తక్కువై కాదు, ఎప్పుడు ఎటు పంపాలన్న అదుపు కుదరక ఇబ్బంది. మెదడు ముందుభాగంలో డోపమిన్, నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాలు పనిచేసే తీరుకు దీనితో సంబంధం ఉంది.

అందుకే వీరిలో కొందరికి ఆట బాగా కుదురుతుంది. కబడ్డీలో ఒక రైడ్‌కు ఉండేది 30 సెకన్లు. కూత ఆపకూడదు, ఎదుట ఏడుగురు కాచుకుని ఉంటారు, తప్పో ఒప్పో అక్కడికక్కడే తేలిపోతుంది. మనసు పక్కకు పోయే వ్యవధే ఉండదు. కోనసీమలో ఒక పండుగ పోటీలో నేను దగ్గరగా చూసిన కుర్రాడు అటువంటి రైడరే. విరామంలో శిక్షకుడు ఎడమ కార్నర్‌ను గమనించమనీ, ఇది మూడో రైడనీ, బోనస్ (గీత దాటితే వచ్చే అదనపు పాయింటు) వదలవద్దనీ, మరీ లోపలికి పోవద్దనీ, గడియారం చూసుకోమనీ ఒక్క గుక్కలో చెప్పుకుపోతుంటే, వాడు మోకాలి పట్టీ అంచు పీకుతూ ఫ్లడ్‌లైటు చుట్టూ ముసిరిన పురుగుల్ని చూస్తున్నాడు. వెళ్ళి సరిగ్గా వద్దన్నదే చేసి దొరికిపోయాడు. "చెవులున్నాయా నీకు?" అని శిక్షకుడు నలుగురిలో కేకలేశాడు. తరువాతి విరామంలో జట్టులోని పెద్ద కుర్రాడొకడు వాణ్ణి మణికట్టు పట్టుకుని పక్కకు తీసుకువెళ్ళి, "బోనస్ తీసుకుని వచ్చెయ్ రా, అంతే. ఏం చెయ్యాలో చెప్పు?" అన్నాడు. "బోనస్ తీసుకుని వచ్చేస్తానన్నా" అన్నాడు వీడు, చెప్పినట్టే వచ్చాడు. మాట ఒక్కటే చెప్పడం, దాన్ని తిరిగి చెప్పించుకోవడం: ఈ రెండింటినీ మించిన ఉపాయం శిక్షణ పుస్తకాల్లో కూడా నాకు కనబడలేదు.

చిక్కంతా ఆటను జీవనోపాధి చేసుకున్నాక మొదలవుతుంది. వృత్తి క్రీడాకారుడు ఆడే సమయం రోజులో కొద్దిపాటిదే. తక్కిన రోజంతా బస్సు వేళలు, బరువు తూకాలు, గంటన్నర సాగే వీడియో సమావేశాలు, ఫిజియో దగ్గర వరుసలో నిరీక్షణ, ఒప్పందాల కాగితాలు, పన్ను రసీదులు. పెద్ద స్థాయి క్రీడాకారులకు ఇంకొక బాధ్యత కూడా ఉంది. డోపింగ్ పరీక్షల నమోదు జాబితాలో ఉన్నవారు తాము రోజూ ఎక్కడ ఉంటారో మూడు నెలలకొకసారి ముందుగా తెలియజేసి, ఉదయం 5 నుంచి రాత్రి 11 లోపు ఒక గంట ఫలానా చోట తప్పక దొరుకుతామని రాసి ఇవ్వాలి. 12 నెలల్లో మూడుసార్లు ఆ వివరాలు తప్పినా, అక్కడ దొరకకపోయినా నిషేధం పడవచ్చు. ఏ మందూ ముట్టకుండా, కేవలం మరుపు వల్ల ఒకరి ఆట ఆగిపోయే అవకాశం ఉందంటే, ఏడీహెచ్‌డీ ఉన్నవారికి అసలు ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో మీకు అర్థమవుతుంది.

ఇక మీకు తెలిసిన పేర్లు. అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్‌కు తొమ్మిదేళ్ళ వయసులో ఏడీహెచ్‌డీ ఉందని తేల్చారు. ఆయన 28 ఒలింపిక్ పతకాలు గెలిచారు, వాటిలో 23 స్వర్ణాలు. 2008 బీజింగ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఫైనల్లో కళ్ళజోడులోకి నీళ్ళు నిండి ఏమీ కనబడకపోతే, చేతి బారలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి ప్రపంచ రికార్డుతో గోడ తాకారు. దానిని ఏడీహెచ్‌డీ ఇచ్చిన వరమని చెప్పేవారి మాట నేను ఒప్పుకోను. శిక్షకుడు బాబ్ బోమన్ ఏళ్ళ తరబడి ఒకే క్రమాన్ని అలవాటు చేయించారు, ఆ అలవాటే ఆనాడు గట్టెక్కించింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్రీడాకారిణి లూసీ బ్రాంజ్‌కు ఏడీహెచ్‌డీతో పాటు ఆటిజం కూడా ఉన్నట్లు తెలిసింది 2021లో, అంటే ముప్పై ఏళ్ళ ప్రాయంలో. ఆమె దాన్ని బయటకు చెప్పింది 2025లో. ఆడపిల్లల్లో అల్లరి కంటే పరధ్యానం ఎక్కువగా ఉండడం వల్ల, "బుద్ధిమంతురాలే గానీ కాస్త మతిమరుపు" అని సరిపెట్టేయడం మన ఇళ్ళలోనూ జరుగుతున్నదే. నోవా లైల్స్ 2024 పారిస్‌లో 100 మీటర్ల పరుగు గెలిచిన వెంటనే తనకున్న ఉబ్బసం, డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), కుంగుబాటులతో పాటు ఏడీహెచ్‌డీని కూడా బాహాటంగా చెప్పుకున్నారు.

మందు వేసుకుంటే డోపింగ్ కాదా అన్న మీ రెండవ ప్రశ్నకు జవాబు అమెరికా జిమ్నాస్టు సిమోన్ బైల్స్ కథలోనే ఉంది. 2016 సెప్టెంబరులో హ్యాకర్లు ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అంటే వాడా, దస్త్రాల్లోకి చొరబడి ఆమె వైద్య వివరాలను లోకం మీద పడేశారు. తనకు చిన్ననాటి నుంచీ ఏడీహెచ్‌డీ ఉందనీ, దానికి మందు వాడుతున్నాననీ, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదనీ ఆమె చెప్పారు. ఆమె ఏ నియమమూ తప్పలేదు. ఎందుకంటే ఆమె వద్ద టీయూఈ, అంటే చికిత్స నిమిత్తం ఇచ్చే మినహాయింపు ఉంది.

దాని పద్ధతి ఇది. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ వంటి ఉత్తేజక మందులు వాడా జాబితా ప్రకారం పోటీ సమయంలో నిషిద్ధం. పోటీకి ముందురోజు రాత్రి 11 గంటల 59 నిమిషాల నుంచే పోటీ సమయం మొదలైనట్లు లెక్క. అటోమోక్సెటిన్ అనే మందు ఆ జాబితాలో లేదు, కానీ అది అందరికీ సరిపడదు. ఏ మందు వాడాలో నిర్ణయించవలసింది వైద్యుడే తప్ప నిషేధాల జాబితా కాదు. ఉత్తేజక మందు అవసరమైన జాతీయ స్థాయి క్రీడాకారుడు మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడాకు, అంతర్జాతీయ స్థాయివాడు తన ఆట సమాఖ్యకు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవాలి. నిపుణుడి నివేదిక, బాల్యం నాటి లక్షణాల వివరాలు, జరిపిన పరీక్షల ఫలితాలు, మందు మోతాదు అన్నీ దానికి జతపరచాలి. మినహాయింపుకు గడువు ఉంటుంది, గడువు తీరకముందే మళ్ళీ రాసుకోవాలి. ఇందులోని వింత గమనించారా? కాగితం పని అంటేనే తడబడే మనిషి చేతికి, తప్పితే భవిష్యత్తే పోయేటంత కాగితం పని అప్పగిస్తున్నాము. కనుక క్లబ్బు చేయవలసిన సహాయాల్లో నేను అన్నిటికన్నా ముందు పెట్టేది దీనినే. నియమాల దృష్టిలో ఒంట్లోకి వెళ్ళినదానికి జవాబుదారీ క్రీడాకారుడే అయినా, దరఖాస్తు, గడువు తేదీ, ఎక్కడ ఉన్నాడో తెలిపే వివరాలు, మందు చీటీ నకళ్ళు చూసుకోవడానికి క్లబ్బులో పేరు పెట్టి ఒక మనిషిని నియమించాలి. అందరి పనీ అంటే ఎవరూ చేయరు.

రోగనిర్ధారణ కూడా క్లబ్బు ఊహించి చేసేది కాదు, ఫోనులో వీడియో చూసి తేల్చుకునేది అసలే కాదు. నిద్ర చాలకపోయినా, ఆందోళన ఉన్నా, థైరాయిడ్ తేడా ఉన్నా మనిషి పరధ్యానంగానే ఉంటాడు. మానసిక వైద్యుడు బడి రోజుల సంగతులు అడిగి, తల్లిదండ్రులతో మాట్లాడి, ఇతర కారణాలేవీ లేవని తేల్చుకున్నాకే నిర్ణయానికి వస్తాడు. దానికి హైదరాబాదు దాకా పోనక్కరలేదు, మా కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది.

మందు మొదలుపెట్టాక క్లబ్బు వైద్యుడు మన ప్రాంతంలో ప్రత్యేకంగా కనిపెట్టి ఉండవలసింది ఎండను. ఉత్తేజక మందులు గుండె వేగాన్ని, రక్తపోటును కొంత పెంచుతాయి; శ్రమలో ఒంటి వేడి పెరుగుతున్నా అలసట తెలియనీయకపోవచ్చు. డెల్టాలో రోహిణీ కార్తె ఉక్కపోత మీకు తెలియనిది కాదు: చెమట కారుతుందే గాని ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అటువంటి రోజున మధ్యాహ్నం మూడు గంటలకు మైదానం చుట్టూ పరుగెత్తించి, "వాడు అలిసిపోలేదు, ఇంకో నాలుగు రౌండ్లు" అనడం ప్రాణం మీదికి తెచ్చే మాట. సాధన తెల్లవారుజామునకో సాయంత్రం పొద్దుపోయాకకో మార్చాలి, నీటి విరామం వాడు అడిగినప్పుడు కాక గడియారం ప్రకారం ఇవ్వాలి. ఈ మందు ఆకలిని కూడా చంపుతుంది. అందుకని పొద్దున్నే మందుకు ముందే దిబ్బరొట్టో ఇడ్లీయో కడుపునిండా పెట్టి, ప్రభావం తగ్గిన సాయంత్రం వేళ మళ్ళీ గట్టిగా తినిపించాలి. హాస్టల్ మెస్ ఎనిమిదింటికే కట్టేస్తే ఈ పిల్లవాడు పస్తే. పొద్దుపోయి వేసుకుంటే నిద్ర పట్టదు. ఒకరి మాత్ర మరొకరు "ఏకాగ్రత కోసం" వేసుకోవడం ఎంత మాత్రమూ కూడదు, అది తాళం వేసిన బీరువాలో ఉండాలి.

తల దెబ్బల సంగతి క్లుప్తంగా చెబుతాను. కబడ్డీలో చైన్ పట్టు (చేతులు కలిపి రైడర్‌ను పట్టడం) పడ్డాక తల నేలకు తగిలితే మరుపు, చిరాకు, మందకొడితనం వస్తాయి. అవి ఏడీహెచ్‌డీ లక్షణాల్లానే కనిపిస్తాయి. సీజను మొదట్లోనే ప్రతి ఆటగాడి జ్ఞాపకశక్తిని పరీక్షించి రాసి పెట్టుకుంటే, దెబ్బ తగిలిన రోజున పోల్చి చూడవచ్చు. లేకపోతే "వాడెప్పుడూ అంతే" అని మళ్ళీ ఆటలోకి దింపుతారు.

క్రమశిక్షణ విషయంలో క్లబ్బుల ఆలోచన మారాలని నా గట్టి అభిప్రాయం. ఆలస్యమైతే జరిమానా, మళ్ళీ ఆలస్యమైతే రెట్టింపు జరిమానా అన్న పద్ధతి ఈ ఆటగాడికి డబ్బు నష్టం తెస్తుందే గాని వేళ నేర్పదు. వారం రోజుల కార్యక్రమమంతా ఒకే పొడుగాటి వాట్సాప్ సందేశంగా పంపే బదులు, రాత్రి పడుకోబోయే ముందు రేపటి మొదటి పని ఒక్కటే పంపవచ్చు. గది తలుపు మీద బూట్లు, గుర్తింపు కార్డు, మందు, నీళ్ళ సీసా అని పెద్ద అక్షరాలతో రాసి అంటించవచ్చు. వేళకు బయలుదేరే తోటి ఆటగాణ్ణి అదే గదిలో ఉంచవచ్చు. వీడియో సమావేశాన్ని పావుగంట ముక్కలుగా చేయవచ్చు. వంతు కోసం పదిమంది వెనుక నిలబెట్టే సాధన కంటే ముగ్గురేసి జట్లు మేలు, ఎందుకంటే ఇలాంటి పిల్లల అల్లరి సగం ఆ వరుసలోనే పుడుతుంది. వీటిలో ఖర్చయ్యేది ఏదీ లేదు, జట్టులో తక్కినవారికీ ఇవి ఉపకరిస్తాయి. అలాగని రిఫరీ మీద చెయ్యి చేసుకున్నవాణ్ణి "పాపం, ఏడీహెచ్‌డీ" అని వదిలేయమనడం లేదు. శిక్ష అందరితో సమానంగానే పడాలి. ఆ కోపం మళ్ళీ రాకుండా ఏం చేయాలో మనస్తత్వ నిపుణుడితో కూర్చోబెట్టడం మాత్రం దానికి అదనం.

గాయమై ఆరునెలలు ఆట ఆగినప్పుడు వీరిని మరింత కనిపెట్టాలి. రోజుకు ఒక క్రమం ఇచ్చి నిలబెట్టేది సాధనే కాబట్టి, అది పోగానే నిద్ర, తిండి, మనసు అన్నీ చెదురుతాయి. చేతిలో జీతం, ఫోనులో బెట్టింగ్ యాప్, ఎదుట ఖాళీ మధ్యాహ్నం: తొందరపాటు స్వభావానికి ఇంతకన్నా చెడ్డ కూడిక ఉండదు. గాయపడ్డవాడు కూడా రోజూ అదే వేళకు మైదానానికి వచ్చి ఏదో ఒక పని చేసేటట్లు క్లబ్బు చూడాలి, డబ్బు వ్యవహారాల్లో నమ్మకమైన సలహాదారుణ్ణి అందుబాటులో ఉంచాలి.

ఇంత సహాయమూ ఆటగాడు నోరు విప్పితేనే అందుతుంది, విప్పాలంటే చెప్పినది గుప్తంగా ఉంటుందన్న నమ్మకం కావాలి. వైద్యుడికి చెప్పినది ఒప్పందం బేరంలో వాడుకోకూడదు. జట్టులో ఎవరికి తెలియాలో ఆటగాడే నిర్ణయించుకోవాలి.

అమలాపురం సాత్విక్‌సాయిరాజ్ 2023లో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచ మొదటి ర్యాంకు అందుకున్నాక, మన వైపు ప్రతి ఇంట్లోనూ పిల్లల్ని అకాడమీకి పంపాలన్న మాట వినిపిస్తోంది. అకాడమీ మైదానాలు, ఏసీ గదులు చూసి వచ్చేవారే గాని, అక్కడ వైద్యుడు వారానికి ఎన్నిసార్లు వస్తాడని అడిగేవారు తక్కువ. జూన్‌లో చేరేవాడా, నువ్వు మీ నాన్నతో వెళ్ళినప్పుడు ఆ మాట అడుగు. డోపింగ్ కాగితాలు చూసే మనిషి పేరు, మందులు ఎక్కడ భద్రపరుస్తారు, వేసవిలో సాధన ఏ వేళకు అన్నవి కూడా అడుగు. నీకు ఏడీహెచ్‌డీ లేదు, కానీ పక్క మంచం మీది కుర్రాడికి ఉండవచ్చు; వాడు బస్సుకు రాకపోతే శిక్షకుడికి చెప్పేముందు ఒకసారి వెనక్కి వెళ్ళి తలుపు తట్టు. దరఖాస్తులో ప్రస్తుతం వాడుతున్న మందులు అన్న గడిని ఖాళీగా వదలవద్దు. కొన్ని జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ కూడా హద్దు దాటితే పోటీ రోజుల్లో నిషిద్ధమే కాబట్టి, జలుబు మాత్రయినా సరే పేరు రాయి. నింపిన దరఖాస్తు ఫోటో తీసి నాకు పంపితే, సంతకం పెట్టేముందు ఒకసారి చదివి పెడతాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ