ఒకే గింజలో రెండు మూడు నిమ్మ మొలకలు: అపోహలు - వాస్తవాలు

చీనీ (బత్తాయి), నిమ్మ అంట్లు కట్టేవాళ్లకు, వేరుమూలంగా, అంటే అంటు కింద అడుగు మొక్కగా వాడే రంగపూర్ నిమ్మ నారుమడి కొత్త కాదు. ఒక్క గింజే వేసినా కొన్నిచోట్ల రెండు, మూడు మొలకలు కలిసి లేస్తాయి. ఇంట్లో కుండీలో సరదాగా గింజ వేసినవాళ్లు ఇది చూసి కంగారు పడతారు. కొత్తగా నర్సరీ పెట్టినవాళ్లేమో మొక్కలు ఎక్కువొచ్చాయని సంబరపడతారు. ఆ కంగారూ అక్కర్లేదు, ఆ సంబరమూ అక్కర్లేదు.

అపోహ: గింజలో ఏదో లోపం ఉంది.

లోపమేమీ లేదు. తాజా గింజను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పైనున్న గట్టి పొట్టు, లోపలి పల్చటి గోధుమరంగు పొర తీసి చూడండి. పెద్దవీ చిన్నవీ బద్దలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఇరుక్కుని కనిపిస్తాయి. కొన్ని గోరు మొన మీద పట్టేంత చిన్నవి. మొనదేరిన కొసవైపు పిండాలుంటాయి. వాటిలో ఒకటి పుప్పొడి కలిసి పుట్టింది. మిగతావి చుట్టూ ఉన్న తల్లి కణజాలం నుంచే నేరుగా పుట్టినవి, అంటే అచ్చం తల్లి చెట్టే. దీన్నే బహుపిండత అంటారు. నారింజ గింజలో రెండు పిండాలున్న సంగతిని 1719లోనే డచ్ సూక్ష్మదర్శిని పరిశోధకుడు లేవెన్‌హుక్ గమనించాడు. వేరుమూలం మొక్కలు గింజల నుంచే వేల సంఖ్యలో ఒకే తీరుగా రావడానికి కారణం ఇదే.

అపోహ: గింజ మొక్క తల్లిలాంటి కాయ కాయదు.

ఏ జాతి గింజ అన్నదాన్ని బట్టి ఉంటుంది. నిమ్మలో చాలావరకు తల్లి పోలికే వస్తుంది, అందుకే మన దగ్గర గింజ మొక్కలతోనే నిమ్మ తోటలు పెడుతూ వచ్చారు. పంపర పనస, మాదీఫలం గింజల్లో ఉండేది ఒకే పిండం, అదీ పుప్పొడి కలిసి పుట్టిందే. వాటి గింజ మొక్క కాయ ఎలా ఉంటుందో ముందే చెప్పలేం. చీనీ గింజ మొక్క తల్లినే పోలినా ముళ్లు ఎక్కువ, కాపు ఆలస్యం. పైగా దాని సొంత వేళ్లు వేరుకుళ్లుకు, బంక తెగులుకు త్వరగా లొంగిపోతాయి. అందుకే రంగపూర్ నిమ్మ మీద అంటు కడతాం.

అపోహ: గుంపులో ఏపుగా ఉన్నది తల్లి పోలిక, బక్కది సంకరం (పుప్పొడి కలిసి పుట్టింది).

ఎక్కువ నష్టం జరిగేది ఈ నమ్మకంతోనే. గింజలో చోటు కోసం జరిగే పోటీలో పుప్పొడి పిండం వెనకబడటం తరచుగా జరిగేదే, కానీ అది నియమం కాదు. చిన్న బద్దతో పుట్టిన తల్లి పోలిక మొలక కూడా బక్కగానే ఉంటుంది. అందరికంటే పొడుగ్గా లేచింది సంకరమూ కావచ్చు. కాబట్టి ఎత్తు ఒక్కటే చూసి తేల్చకండి. ఆకు ఆకారం, ఆకు కాడ పక్కనుండే రెక్క, ముళ్లు, రంగు చూసి మడిలో మెజారిటీ మొక్కలతో పోల్చండి. మరీ మందంగా, గుండ్రంగా ఆకులున్న నిదానపు మొక్కనూ అనుమానించాల్సిందే. ఖాయంగా చెప్పేది డీఎన్ఏ పరీక్ష మాత్రమే, అది ప్రతి నారుమడికీ కుదరదు. నేనైతే మరీ పొడుగువీ, మరీ గిడసబారినవీ, ఆకు తేడా ఉన్నవీ మూడు రకాలూ తీసేస్తాను. ఏపైన మొక్కను పారేయడానికి చెయ్యి రాదు, నిజమే. కానీ ఆ ఒక్క మొక్కను రైతు పదిహేను, ఇరవై ఏళ్లు సాకాలి. వేరుమూలం తేడా ఉంటే తోటలో ఒక చెట్టు ఒకలా, పక్క చెట్టు ఇంకోలా పెరుగుతాయి.

అపోహ: విడదీస్తే చచ్చిపోతాయి.

పొడి మట్టిలోంచి పీకితే నిజంగానే చస్తాయి. నాలుగైదు ఆకులు వచ్చాక, ముందురోజు బాగా తడిపి, సాయంత్రం పూట మట్టి గడ్డతో సహా తీసి బకెట్ నీళ్లలో ముంచండి. మెల్లగా ఆడిస్తే మట్టి జారిపోతుంది. వేళ్లు సాధారణంగా అతుక్కుని ఉండవు, పెనవేసుకుంటాయంతే. కాండం మొదట్లో పట్టుకుని నీళ్లలోనే విడదీయండి. పిల్లవేళ్లు కొన్ని తెగినా టెన్షన్ వద్దు. తల్లివేరు మధ్యలో విరిగితే మాత్రం ఆ మొక్కను వదిలేయండి. మరీ పొడుగున్న తల్లివేరు కొస కత్తిరించి, గుంటలో నిటారుగా దింపండి. అడుగున మడత పడితే ఆ వంకర చెట్టంతకాలం ఉంటుంది. ముందు ఏ లోతులో ఉందో అదే లోతులో నాటి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపిన నీళ్లతో మొదలు తడిపితే నారుకుళ్లు బెడద తగ్గుతుంది. పది రోజులు నీడ చాలు.

అపోహ: కలిపే ఉంచితే కాండం బలపడుతుంది.

బలపడదు. నీళ్ల కోసం, వెలుతురు కోసం పోటీపడి అన్నీ సన్నగా సాగుతాయి. అంటు కట్టడానికి పెన్సిల్ మందం కాండం ఒక్కటీ దొరకదు. విడదీయడం ఇష్టం లేకపోతే మంచిది ఒక్కటి ఉంచి మిగతావి మొదట్లో కత్తిరించండి.

అపోహ: గింజ మొక్కకు వైరస్ రాదు.

నిమ్మజాతి చెట్లను ఎండబెట్టే ట్రిస్టెజా వైరస్ గింజ ద్వారా రాదు, అంతవరకే నిజం. మొలకెత్తిన తర్వాత పేనుబంక పురుగు దాన్ని మోసుకొస్తుంది. వైరస్ కాకపోయినా, గ్రీనింగ్ అనే ఇంకో తెగులును సిల్లా అనే చిన్న రసం పీల్చే పురుగు తెస్తుంది. జబ్బు చెట్టు నుంచి తెచ్చిన కన్ను (అంటు మొగ్గ) కడితే ఎంత శుభ్రమైన వేరుమూలమైనా ఆ రోజే పాడవుతుంది. నారును పురుగులు దూరని వల కింద పెంచండి. కన్ను పుల్లను పరీక్షించిన తల్లి చెట్టు నుంచే తీసుకుని, నేలకు 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులో కట్టండి.