ఇదంతా బైబిల్లో ఉందా, తాతయ్యా?

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల అడ్వెంట్‌లో వెలిగించే కొవ్వొత్తులు, ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ రోజుల ఉపవాసాలు, ఈస్టర్‌కు ముందు ఆదివారం, అంటే మట్టల ఆదివారం నాటి ఊరేగింపు, ఇవన్నీ చేయమని బైబిల్లో ఎక్కడుందని కదా మీరడిగింది? చాలావరకు ఎక్కడా లేదు. యేసు పుట్టిన తేదీ సువార్తల్లో లేదు. ఈస్టర్‌కి ముందు నలభై రోజులు ఉపవాసం ఉండమని అపొస్తలులెవరూ రాయలేదు. ఒక్కో ఆచారం ఒక్కో అవసరంలోంచి పుట్టింది. వాటిలో ఒకటైతే పిల్లల పోరు పడలేక పుట్టింది.

జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ హిన్రిక్ విఖెర్న్ అనే దైవసేవకుడు పేదపిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవారు. క్రిస్మస్ దగ్గర పడుతుంటే పిల్లలు రోజూ ఒకటే గోల, ఇంకెన్ని రోజులని. 1839లో ఆయన ఒక బండి చక్రం తెచ్చి, ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు దాని మీద అమర్చారు. రోజుకొకటి వెలిగించాలి. ఇంకెన్ని రోజులో ఎవరినీ అడగక్కర్లేదు, వెలగనివి లెక్కపెట్టుకుంటే చాలు. తర్వాత అది చర్చిలకూ ఇళ్లకూ పాకింది. అంత చక్రం ఇంట్లో ఎక్కడ పడుతుంది? అందుకే ఆదివారాల కొవ్వొత్తులు నాలుగే మిగిలాయి. ఆ నాలుగు వారాలూ ఎదురుచూడటానికే. అవి మొదలుకాకముందే క్రిస్మస్ పాటలు అందుకునేవాళ్లను చూస్తే నాకు కాస్త చిరాకే, ఏమనుకోకండి.

మట్టల ఆదివారం దీనికంటే చాలా పాతది. 380లలో ఎగేరియా అనే ఆవిడ పడమటి దేశం నుంచి యెరూషలేముకు యాత్రకు వెళ్లి, అక్కడ చూసిందంతా తన ఊళ్లోని సహోదరీలకు రాసి పంపింది. ఆ రోజు మధ్యాహ్నం జనమంతా ఒలీవల కొండ మీద చేరేవారట. సాయంత్రం అయిదింటికి పిల్లలు మట్టలతో యేసుకు ఎదురువెళ్లిన సువార్త భాగం చదివేవారు. చదవగానే అందరూ లేచి, ‘ప్రభువు పేరట వచ్చువాడు స్తుతింపబడునుగాక’ అని పాడుకుంటూ కొండ దిగి పట్నంలోకి నడిచేవారు. నడవలేని పసివాళ్లు తల్లిదండ్రుల మెడల మీద కూర్చుని వచ్చేవారు. పిల్లలందరి చేతుల్లో ఖర్జూరపు మట్టలో, ఒలీవ కొమ్మలో ఉండేవి. జనం అలసిపోకూడదని మెల్లగా, చాలా మెల్లగా నడిచేవారని కూడా ఆవిడ రాసింది. ఆ ఒక్క మాటతో ఊరేగింపంతా నాకు కళ్లకు కట్టింది.

చాలా చర్చిల్లో ఆ మట్టల్ని పారేయరు. ఎండబెట్టి, మరుసటి ఏడాది వాటినే కాల్చి, ఆ బూడిదతో లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం నాడు నొసట సిలువ గుర్తు వేస్తారు. హోసన్నా అని ఊపిన మట్టే ‘నువ్వు మన్నే’ అని గుర్తుచేసే బూడిద అవుతుంది. ఈ ఆలోచన ఎవరికి తట్టిందో గానీ, నేను విన్న ప్రసంగాలు చాలావాటికంటే ఇదే నా మనసుకు పట్టింది.

భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు రోజు దాకా లెక్కపెడితే 46 రోజులొస్తాయి, తప్పు లెక్కేం కాదు. ప్రతి ఆదివారం పునరుత్థానపు పండుగే కాబట్టి ఆ ఆరు ఆదివారాలూ ఉపవాసంలోకి రావు, మిగిలేవి నలభై. తూర్పు సంఘాల లెక్క వేరు. ఈస్టర్ కూడా మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు ఎప్పుడైనా రావచ్చు, వసంత పౌర్ణమి తర్వాతి ఆదివారం కాబట్టి. అందరూ ఒకే రోజు చేయాలని 325లో నైసియాలో కూడిన సంఘ పెద్దల సభలో తీర్మానించారు. అయినా పాత క్యాలెండర్ పాటించే ఆర్థడాక్స్ సంఘాలకు ఇప్పటికీ చాలా ఏళ్లు వేరే రోజే వస్తుంది. క్రిస్మస్ డిసెంబరు 25న అనడానికి స్పష్టంగా దొరికే పాత ఆధారం 354 నాటి రోమా క్యాలెండర్. ఆర్మేనియా సంఘం మాత్రం యేసు జననాన్ని ఇప్పటికీ జనవరి 6నే ఆచరిస్తుంది.

ఇవేవీ వద్దన్న భక్తులూ ఉన్నారు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్యూరిటన్లు అనే కఠిన నియమాల ప్రొటెస్టెంట్లు 1659లో క్రిస్మస్ చేసుకుంటే అయిదు షిల్లింగుల జరిమానా అని చట్టమే చేశారు, 1681లో ఎత్తేశారు. దేవుడు చెప్పని పండుగ మనమెందుకు కల్పించాలి, ఆదివారం చాలదా అన్నది వాళ్ల వాదన. దాన్ని నేను తేలిగ్గా తీసేయను. ఒకడు ఒక రోజును గొప్పగా ఎంచుతాడు, ఇంకొకడు అన్నీ సమానమంటాడు, ఎవరి మనసులో వారు నిశ్చయించుకోవాలని రోమా పత్రిక 14వ అధ్యాయంలో పౌలే రాశాడు. మీ స్నేహితుల ఇంట్లో ఇవి పాటించకపోతే వాదనకు దిగకండి.

నేనెందుకు పాటిస్తానంటే, నన్ను నా ఇష్టానికి వదిలేస్తే బైబిల్లో నాకు నచ్చిన నాలుగు కీర్తనలే తిప్పి తిప్పి చదువుకుంటాను. ఈ పండుగల క్యాలెండర్ అలా వదలదు. మనం హుషారుగా ఉన్నా గుడ్ ఫ్రైడే వస్తుంది, సిలువ దగ్గర కూర్చోబెడుతుంది. ఇంట్లో ఏ టెన్షనో, ఏ దుఃఖమో ఉన్న ఏడాది కూడా ఈస్టర్ వస్తుంది. నోరు పెగలకపోయినా పక్కవాళ్లు పాడుతుంటే వింటూ నిలబడతాం.

చిన్నోడు అడిగిన పుల్పిట్ (ప్రసంగం చేసే బల్ల) మీది గుడ్డల రంగుల సంగతి మర్చిపోయాను. అడ్వెంట్‌కీ లెంట్‌కీ ఊదా, క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తెలుపు, పరిశుద్ధాత్మ దిగివచ్చిన పెంతెకొస్తు పండుగకు ఎరుపు. మిగిలిన మామూలు ఆదివారాలకు ఆకుపచ్చ. ఏడాదిలో సగానికి పైగా అదే. ఆ ఆకుపచ్చ ఆదివారాల్లోనే మీరు చర్చిలో తక్కువ కనిపిస్తున్నారన్న సంగతి నేను గమనించలేదనుకోకండి.

ఇట్లు,
మీ తాతయ్య