కారు హీటర్ తీసేసి హోస్‌లు కలిపేయడం: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో మా షెడ్డుకొచ్చే పాత కార్ల బానెట్ ఎత్తితే తరచుగా కనిపించే దృశ్యం ఇది. హీటర్‌కి వెళ్లాల్సిన రెండు హోస్‌లనీ (రబ్బరు గొట్టాలనీ) మధ్యలో కోసేసి, కొనల్లో లావుపాటి బోల్టులు దూర్చి, క్లాంపు బిగించి ఉంటారు. ఎందుకలా చేశారో ఓనరుకి తెలియదు. ఇంజిన్ ప్రాణం ఆ హోస్‌ల మీద ఆధారపడి ఉంది కాబట్టి ఈ విషయం వివరంగా రాస్తున్నాను.

అపోహ: చెన్నై ఎండల్లో హీటర్‌తో పనేముంది?

హీటర్ కోర్ అంటే డ్యాష్‌బోర్డు వెనక ఉండే చిన్న రేడియేటర్. కాగిన కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఒక హోస్‌లో లోపలికెళ్లి, రెండో హోస్‌లో ఇంజిన్‌కి తిరిగొస్తుంది. చాలా కార్లలో ఏసీ చలి తగ్గించడానికి మనం తిప్పే నాబ్ చేసే పని, చల్లగాలిలో ఈ హీటర్ వేడిని కలపడమే. కోర్ తీసేస్తే నాబ్ ఎటు తిప్పినా ఒకటే చలి. డిసెంబరులో తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు అద్దం లోపలివైపు ఆవిరి పడుతుంది చూడండి, అప్పుడు ఏసీ తేమ లాగి, హీటర్ ఆ గాలిని వేడి చేసి అద్దం మీదికి పంపితేనే తొందరగా తేటపడుతుంది.

అపోహ: హీటర్ ఇంజిన్‌కి భారం.

కాదు. అది వాడుకునేది రేడియేటర్ ఎలాగూ బయట పారేసే వేడినే. పైగా ఘాట్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, కిటికీలు దించితే బండి పక్కకి తీసేవరకు ఇంజిన్‌కి కాస్త ఊరట.

అపోహ: కాళ్ల కింద కార్పెట్ తడిసిందంటే హీటర్ లీకే.

ఈ అనుమానంతోనే ఎంతోమంది మంచి కోర్లు పీకించుకుంటున్నారు. ఏసీ కాయిల్ మీద కారే నీళ్లు బయటికి పోయే సన్నని డ్రెయిన్ పైపు దుమ్ముతో, ఆకులతో మూసుకుపోయినా కార్పెట్ తడుస్తుంది. మన ఊరి ఉక్కకి ఆ నీళ్లు బాగానే కారతాయి. తెల్లటి గుడ్డ ఒకటి కార్పెట్‌కి అద్ది చూడండి. రంగూ వాసనా లేకపోతే ఏసీ నీళ్లు, డ్రెయిన్ పైపు శుభ్రం చేస్తే సరిపోతుంది. ఆకుపచ్చగానో గులాబీ రంగుగానో అంటుకుని, వేళ్ల మధ్య జిగురుగా జారుతూ, కారులో తియ్యటి వాసన వస్తుంటే కూలెంట్. అద్దం మీద జిడ్డు పొర, రిజర్వాయర్‌లో (కూలెంట్ డబ్బాలో) తగ్గుతున్న మట్టం కూడా అదే చెబుతాయి. రుచి మాత్రం చూడొద్దు, అది విషం.

అపోహ: రెండు హోస్‌లూ మూసేస్తే పని అయిపోయినట్టే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ (వేడిని బట్టి తెరుచుకునే వాల్వు) మూసుకుని ఉంటుంది, రేడియేటర్‌కి దారి ఉండదు. అయినా కూలెంట్ ఇంజిన్ లోపల తిరుగుతూనే ఉండాలి. కొన్ని ఇంజిన్లలో ఆ తిరిగే దారి హీటర్ లైనే. ఇంకొన్నిట్లో హీటర్ నుంచి తిరిగొచ్చే వేడి కూలెంట్ తగిలితేనే థర్మోస్టాట్‌లోని మైనం కరిగి అది సరైన సమయానికి తెరుచుకుంటుంది. అక్కడ బోల్టు దూర్చామా, లోపల ఇంజిన్ పైభాగమైన హెడ్ కాలిపోతున్నా థర్మోస్టాట్‌కి కబురు అందదు. వేరే బైపాస్ ఉన్న ఇంజిన్లకి మూసినా నష్టం లేదు. కానీ మీ బండి ఏ రకమో తెలియకుండా మూయకండి.

కోర్ తీసేయక తప్పకపోతే, మూసే బదులు ఇంజిన్ నుంచి వచ్చే కొననీ తిరిగి వెళ్లే కొననీ ఒకే హోస్‌తో కలపడం మేలు. ముందు ఆ లైను మొత్తం చేత్తో తడుముతూ చూడండి. థ్రాటిల్ బాడీకో (ఇంజిన్‌లోకి గాలిని వదిలే భాగం), ఆయిల్ కూలర్‌కో కొమ్మ చీలి ఉంటే దాన్ని కదపకూడదు. కొన్ని బండ్లలో ఇంజిన్ కొనలోనే ప్రవాహాన్ని తగ్గించే సన్న రంధ్రం ఉంటుంది, చెత్త అనుకుని దాన్ని పొడిచేయొద్దు.

హోస్ విషయంలో పిసినారితనం వద్దు. తోట నీళ్ల పైపు 90 డిగ్రీల కూలెంట్‌కి మెత్తబడి, ఒత్తిడికి ఉబ్బి పగులుతుంది. లోపల దారం అల్లిక ఉన్న కూలెంట్ హోసే కావాలి. తిన్నటి హోస్‌ని బలవంతంగా వంచితే, చల్లగా ఉన్నప్పుడు బాగానే కనబడుతుంది. వేడెక్కాక వంపు దగ్గర చప్పబడి దారి మూసుకుపోతుంది. యూ ఆకారంలో అచ్చుపోసినవి జనరల్ ప్యాటర్స్ రోడ్డు స్పేర్‌పార్టుల షాపుల్లో అడగండి.

అపోహ: మంచు పడని ఊళ్లో కూలెంట్ ఎందుకు, నీళ్లు చాలు.

హీటర్ కోర్లు పోవడానికి మూలం చాలావరకు ఇక్కడే ఉంది. బోరునీటి ఉప్పు పేరుకుని, తుప్పు పట్టి, ముందుగా మూసుకుపోయేవి కోర్‌లోని సన్నటి గొట్టాలే. దాన్ని తీసేసి మళ్లీ బోరునీళ్లే పోస్తే రేపు రేడియేటర్, ఎల్లుండి వాటర్ పంపు. కూలెంట్ తుప్పును ఆపుతుంది, మరిగే ఉష్ణోగ్రతనీ పెంచుతుంది. థర్మోస్టాట్ పీకేయడం కూడా ఇలాంటి అలవాటే. ఇంజిన్ ఎప్పుడూ చల్లగా ఉందనుకుని కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు పోస్తుంది, మైలేజీ పడిపోతుంది.

తీసిన పాత కూలెంట్‌ని కాలువలో పోయకండి, డబ్బాలోకి పట్టండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకి చచ్చిపోతాయి.

హోస్ కలిపాక లోపలి గాలి తీయకుండా మెకానిక్‌ని బండి ఇవ్వనివ్వకండి. లోపల గాలి బుడగ నిలిస్తే సెన్సార్‌కి కూలెంట్ తగలదు, ముల్లు మామూలుగానే ఉంటుంది, ఇంజిన్ కాగిపోతుంది. బ్లీడ్ స్క్రూ (గాలి బయటికి వదిలే మర) ఉంటే తెరిచి, ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్ నడపాలి. మర్నాడు పొద్దున్నే, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మూత తీసి మట్టం చూసి, తగ్గినంత పోయండి. వేడి మీద మాత్రం ఆ మూత ముట్టుకోవద్దు.