నేల చెడిందని ఇంట్లో ముందు ఎవరికి తెలుస్తుంది?

పల్లెలో ఏ ఇంటికైనా వెళ్ళి "పర్యావరణం ఎంత దెబ్బతింది?" అని అడిగితే పెద్దగా జవాబు రాదు. అదే నీళ్ళకి ఎంత దూరం నడుస్తున్నారు, కట్టెలు ఎక్కడ దొరుకుతున్నాయి, నిరుడు వేసినంత ఎరువే వేస్తే ఈసారి అంత పంట వచ్చిందా అని అడగండి, గంటసేపు చెబుతారు. అడవి తగ్గినా, ఊట ఎండినా పల్లె కుటుంబానికి అది ముందు ఒంటి కష్టంగానో, చేతి ఖర్చుగానో తెలుస్తుంది.

ఆ కష్టం ఇంట్లో అందరికీ ఒకేలా ఉండదు. చాలా దేశాల్లో నీళ్ళు, కట్టెలు తెచ్చేది ఆడవాళ్ళే కాబట్టి ఆ మార్పు ముందు వాళ్ళ కంటనే పడుతుంది. దున్నేవాళ్ళు చూసేది వేరు, మేకలు కాసేవాళ్ళు చూసేది వేరు. సర్వేకి వచ్చినవాళ్ళు ఇంటి పెద్ద ఒక్కడినే అడిగి "ఇదీ ఈ కుటుంబం మాట" అని రాసుకుపోతే మిగతావాళ్ళకి తెలిసినదంతా లెక్కలోకే రాదు. ఇది చిన్న లోపమని నేను అనుకోను.

నెమ్మదిగా జరిగే నష్టాన్ని పట్టుకోవడం మాత్రం ఎవరికైనా కష్టమే. హెక్టారు పొలంలో ఒక్క మిల్లీమీటరు మందాన పైమట్టి కొట్టుకుపోతే అది 10 ఘనమీటర్ల మట్టి, అంటే 12 టన్నులకు పైనే, అయినా గట్టు మీద నిలబడి చూస్తే పొలం నిన్నటిలాగే ఉంటుంది. ఇంకాస్త ఎరువు వేస్తే దిగుబడి కొన్నేళ్ళు నిలబడుతుంది కూడా, దాంతో నేల బలహీనపడిన సంగతి ఎరువుల బిల్లులో కలిసిపోతుంది.

తరాల తేడా ఇంకొకటి. ప్రతి తరమూ తాను పని మొదలుపెట్టినప్పటి స్థితినే మామూలు అనుకుంటుందని చేపల శాస్త్రవేత్త డేనియల్ పాలీ 1995లో రాశారు. 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో, మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖ దగ్గర వృద్ధ జాలర్లు తగ్గిపోయాయని చెప్పిన చేప జాతులు కుర్రవాళ్ళు చెప్పినవాటికి ఐదు రెట్లు. కుర్రవాళ్ళు అబద్ధమాడలేదు, తాము ఎప్పుడూ చూడని చేప తగ్గిందని వాళ్ళకెలా తెలుస్తుంది!

అలాగని ఊరివాళ్ళ మాట కొట్టిపారేయకూడదు. గినీ దేశంలో కిస్సిడుగు ప్రాంతపు ఊళ్ళ చుట్టూ ఉన్న చిన్న చిన్న అడవులు, ఒకప్పటి మహారణ్యాన్ని జనం నరికేయగా మిగిలిన ముక్కలని అధికారులు దశాబ్దాలపాటు నమ్మారు. అవి మేము పెంచినవే అని ఊరివాళ్ళు చెప్పారు. జేమ్స్ ఫెయిర్‌హెడ్, మెలిస్సా లీచ్ అనే పరిశోధకులు 1952 నాటి విమాన ఫోటోలను తర్వాతి ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూస్తే చాలాచోట్ల ఊరివాళ్ళు చెప్పిందే నిజమైంది.

అసలు సమస్యల్లా రంగు, రుచి, వాసన లేనివాటితోనే. బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్ళతో విరేచనాలు వస్తున్నాయని లక్షల సంఖ్యలో గొట్టపు బావులు వేశారు, నీళ్ళు తేటగా వచ్చాయి, అందులో ఆర్సెనిక్ అనే విషం ఉందని 1990లలో గానీ బయటపడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు, దాన్ని ఏ నాలుకా పసిగట్టలేదు, చర్మం మీద మచ్చలు తేలడానికి ఏళ్ళు పడుతుంది. చివరికి బావులను పరీక్షించి ప్రమాదకరమైనవాటికి ఎరుపు, మంచివాటికి ఆకుపచ్చ రంగు వేశారు. చాలా కుటుంబాలు బావి మార్చాయి, కానీ ఆకుపచ్చ బావి దగ్గర్లో ఉన్నవాళ్ళే ఎక్కువగా మారారు, దూరమైన కొద్దీ ఆ సంఖ్య తగ్గుతూ వచ్చింది.