అడగడానికి నూరేళ్లు పట్టిన ప్రశ్న

చిన్నప్పుడు హింస అనుభవించినవాళ్లకు పెద్దయ్యాక వచ్చే జబ్బులకూ ఆ గతానికీ ముడి ఉందని వైద్యం ఒప్పుకోవడానికి నూరేళ్లకు పైగా పట్టింది. ఆధారాలు లేక కాదు. 1860లోనే ఫ్రెంచ్ ఫోరెన్సిక్ వైద్యుడు తార్దియూ, హింసకు గురైన 32 మంది పిల్లల కేసులు రాసిపెట్టాడు. వాళ్లలో 18 మంది చనిపోయారు. 1896లో మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ తన 18 మంది హిస్టీరియా రోగుల బాధకు మూలం బాల్యంలో జరిగిన లైంగిక హింసేనని ప్రకటించాడు. మరుసటి ఏడాదే స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత రోగి చెప్పుకున్నది ఊహే అని కొట్టిపారేయడం ఎంత తేలికైపోయిందో!

1962లో అమెరికాలో కెంప్ అనే పిల్లల వైద్యుడి బృందం పిల్లల ఎక్స్‌రేలు ముందు పెట్టింది. ఒకే బిడ్డ ఒంట్లో అతుక్కుంటున్న పాత విరుపులు, పక్కనే కొత్తవి. ఇక కాదనడం కుదరలేదు. కానీ పెద్దయినవాళ్ల సంగతి అప్పుడూ ఎవరూ అడగలేదు.

అడిగింది ఊబకాయ వైద్యంలో. 1980లలో శాన్‌డియాగోలో ఫెలిటీ అనే వైద్యుడి దగ్గర, చక్కగా బరువు తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేస్తున్నారు. కారణం వెతుకుతూ ఒకామెను, మొదటి లైంగిక అనుభవం ఏ వయసులో అని అడగబోయి, పొరపాటున ‘ఎంత బరువున్నప్పుడు’ అన్నాడు. ‘నలభై పౌండ్లు’ అందామె. అంటే 18 కిలోలు, నాలుగైదేళ్ల పిల్ల బరువు. కొందరికి ఆ లావే రక్షణ కవచమని అక్కడ తేలింది.

దాని కొనసాగింపుగా 1998లో వచ్చిన అధ్యయనం ఏడు రకాల బాల్య కష్టాలను లెక్కించింది. నాలుగు, అంతకుమించి ఉన్నవాళ్లలో మద్యం, మాదకద్రవ్యాల వ్యసనం, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం ముప్పు, ఏ కష్టమూ లేనివాళ్లకంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. ఈ లెక్కనే ఇప్పుడు చాలామంది జాతకంలా చదువుతున్నారు. అది తప్పు. అవి వేలమంది మీద తీసిన సగటులు. దెబ్బ ఎంత తీవ్రం, ఎన్నాళ్లు, పక్కన ఎవరున్నారు అన్నది ఆ స్కోరు చెప్పదు.

పక్కన ఎవరున్నారన్నదే అసలు సంగతి. హవాయిలోని కవాయ్ ద్వీపంలో 1955లో పుట్టిన 698 మందిని మనస్తత్వవేత్త ఎమ్మీ వెర్నర్ బృందం నలభై ఏళ్లు వెంబడించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల మద్యం, మానసిక జబ్బులు కలగలిసిన ఇళ్లలో పెరిగినవాళ్లలో మూడోవంతు మంది నిలదొక్కుకున్నారు. వాళ్లకు అమ్మమ్మో, టీచరో, ఎవరో ఒకరు నమ్మకంగా అండగా ఉన్నారు. టీనేజీలో దారి తప్పినవాళ్లలోనూ చాలామంది నడివయసుకల్లా కుదుటపడ్డారు. మళ్లీ చదువుకోవడం, నిలకడైన జీవిత భాగస్వామి దొరకడం వాళ్లకు ఆ మలుపునిచ్చాయి.