పేరు దగ్గర ఆగిపోయిన ప్రోగ్రామ్ గురించి

శ్రీకాకుళం

చిరంజీవులైన పిల్లలకు, ఆశీస్సులు.

సంస్థల లెక్కలు, నిల్వలు నడిపే శాప్ (SAP) సాఫ్ట్‌వేర్ శిక్షణలో చేరిన మీరు, ప్రోగ్రామ్ రాయడం కన్నా దానికి పేరు పెట్టి సేవ్ చేయడమే కష్టంగా ఉందని రాశారు. ఆ ఫిర్యాదులో నిజముంది. ఇలాంటి ఎర్రర్ వచ్చినప్పుడు ముందుగా తేల్చుకోవలసింది ఒక్కటే: సిస్టమ్ ఆ పేరును పెట్టనివ్వడం లేదా, పెట్టి ఉన్న పేరును కనుక్కోలేకపోతోందా? మొదటిది నియమానికి సంబంధించినది, రెండవది వెతుకులాటకు సంబంధించినది. రెండింటినీ కలిపేసుకున్నవారు గంటల తరబడి సంబంధం లేని చోట తవ్వుతూ కూర్చుంటారు.

పెట్టనివ్వకపోవడానికి మొదటి కారణం హద్దు. శాప్‌లో కస్టమర్లు తయారుచేసుకునే ఆబ్జెక్టుల, అంటే ప్రోగ్రాములు, టేబుళ్లు వంటి వాటి పేర్లు ఇంగ్లీషు జెడ్ (Z)తో గాని వై (Y)తో గాని మొదలవాలి. శాప్ సంస్థ తన సొంత ఆబ్జెక్టులకు ఆ అక్షరాలను వాడదు కనుక, అప్‌గ్రేడ్ చేసినా మీరు రాసుకున్నది చెరిగిపోదు. జెడ్ మరచిపోయి, డాలర్ టీఎంపీ ($TMP) అనే లోకల్ ప్యాకేజీలో, అంటే సొంత ప్రయోగాలు దాచుకునే చోట సేవ్ చేయబోతే, పరాయి నేమ్‌స్పేస్‌లో (ఇతరులకు కేటాయించిన పేర్ల పరిధిలో) టెస్ట్ ఆబ్జెక్టులు సృష్టించడం కుదరదనే అర్థం వచ్చే సందేశం కనిపిస్తుంది. అది చూసి అధికారాలు లేవేమోనని అడ్మిన్‌కు మెయిల్ పెట్టకండి; పేరులోని మొదటి అక్షరం చూసుకోండి. ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా ఆపే లాక్ ఆబ్జెక్టులకు మాత్రం ముందు ఇంగ్లీషు ఈ (E) అక్షరం రావాలి, దాని తరువాతే జెడ్.

రెండవ కారణం పొడవు. పలాస జీడిపప్పు నిల్వల కోసం ఒక టేబుల్ కావాలనుకోండి. జెడ్ పెట్టి, దాని వెంటనే పలాస, గోడౌన్, స్టాక్ అనే మాటలను ఇంగ్లీషు అక్షరాలలో, మధ్యలో అండర్‌స్కోర్లతో (_) రాస్తే 20 అక్షరాలవుతాయి. రిపోర్టు ప్రోగ్రామ్‌కు ఆ పేరు చక్కగా సరిపోతుంది గాని, డేటాబేస్ టేబుల్‌కు 16 అక్షరాలే గరిష్ఠం కనుక అక్కడ చెల్లదు. చివరి మాట తీసేస్తే 14కు దిగుతుంది. ఇంకొక చిక్కు ఉంది: ప్రోగ్రాములకు అలవాటుగా జెడ్ వెంటనే అండర్‌స్కోర్ పెడతాం, కానీ టేబుల్ పేరులో రెండవ, మూడవ స్థానాలలో అండర్‌స్కోర్ ఉండకూడదు. ఈ నియమం నాకెప్పుడూ అనవసరపు పట్టుదలగానే తోచింది, అయినా పాటించక తప్పదు.

శాప్‌లో కాకుండా, డేటాను భద్రపరిచే ఒరాకిల్ డేటాబేస్‌లో నేరుగా పనిచేసేటప్పుడు పొడవును బైట్లలో కొలుస్తారు. 12.2 వెర్షన్‌కు ముందు హద్దు 30 బైట్లు, ఆ తరువాత 128. అయితే అప్‌గ్రేడ్ చేసి, ఏ వెర్షన్‌కు తగ్గట్టు నడవాలో చెప్పే కంపాటిబుల్ సెట్టింగును పాత అంకె మీదే వదిలేస్తే 30 దగ్గరే ఆగుతుంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. మన శ్రీకాకుళం పేరునే చూడండి. కంటికి నాలుగు అక్షరాలే, కానీ శ్రీ ఒక్కదానిలోనే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే నాలుగు గుర్తులున్నాయి. మొత్తం 10 గుర్తులు, అంటే సరిగ్గా 30 బైట్లు. డబుల్ కోట్లలో (" " గుర్తుల మధ్య) ఆ పేరు పెట్టి, దాని చివర ఒక్క అండర్‌స్కోర్ చేర్చారంటే పాత హద్దున్న చోట పేరు మరీ పొడవైందని చెప్పే ఓఆర్ఏ-00972 ఎర్రర్ వస్తుంది.

ఇక కనుక్కోలేని సందర్భాలు. టేబుల్ లేదా వ్యూ లేదని చెప్పే ఓఆర్ఏ-00942 అసలు చిక్కుముడి, ఎందుకంటే ఆ టేబుల్ నిజానికి ఉండవచ్చు. వేరొకరి స్కీమాలో, అంటే వారి ఖాతా కింద ఉండి, మీకు చూసే అనుమతి లేకపోయినా సిస్టమ్ ఇదే మాట చెబుతుంది. కోట్లు లేకుండా రాసిన పేరును ఒరాకిల్ పెద్ద ఇంగ్లీషు అక్షరాలుగా మార్చుకుంటుంది. ఎవరో కోట్లు పెట్టి చిన్న అక్షరాలతో సృష్టించిన టేబుల్‌ను మీరు కోట్లు లేకుండా అడిగితే దొరకదు. ఇవేవీ కాకపోతే వాట్సాప్ నుంచి కాపీ చేసిన పేరు చివర కనబడని ఖాళీ గాని, ఇంగ్లీషు ఓ (O) అక్షరం స్థానంలో సున్నా గాని ఉందేమో చూడండి. కంటితో కాదు, ఆ పేరును ఒరాకిల్‌లోని డంప్ (DUMP) ఫంక్షన్‌కు ఇస్తే ఒక్కొక్క బైటు కోడు బయటపడుతుంది.

తప్పు పేరు పెట్టామని తెలిశాక మార్చాలనిపించడం సహజం. ఇంకా ప్రోగ్రాములు తయారుచేసే డెవలప్‌మెంట్ సిస్టమ్‌లోనే ఉంటే మార్చేయండి. రోజువారీ పని నడిచే ప్రొడక్షన్‌కు వెళ్లిపోయి ఉంటే వివరణను మాత్రమే సరిదిద్ది, సాంకేతిక నామాన్ని వదిలేయండి. ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కు రైల్వే వారి కోడ్ నేటికీ సీహెచ్ఈ (CHE). శ్రీకాకుళాన్ని ఇంగ్లీషువారు చికాకోల్ అని పిలిచిన నాటి ఆ మూడక్షరాల మీదే టికెట్లు నడుస్తున్నాయి, ఎవరికీ ఇబ్బంది లేదు. మార్చక తప్పని పరిస్థితి వస్తే ఒక పేరు ఎక్కడెక్కడ వాడారో శాప్ చూపే వేర్-యూజ్డ్ లిస్ట్ ఒక్కదానినే నమ్ముకోకండి. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వేరియబుల్‌లో కూర్చుకునే పేర్లు ఆ జాబితాలోకి రావు కనుక, సోర్స్ కోడ్ అంతటా ఆ పేరును, దానిలోని ముక్కలను కూడా విడివిడిగా వెతికించండి.

మీ తాతయ్య