కామెర్లు ఉండగా కొలెస్ట్రాల్ చూస్తే

విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల, మహారాణిపేట ల్యాబుల్లో తరచూ వినపడే మాట ఇది: "ఎలాగూ రక్తం తీస్తున్నారు కదా, కొలెస్ట్రాల్ కూడా చూసేయండి." మామూలప్పుడు మంచి మాటే. పచ్చకామెర్లతో వచ్చినవాళ్లకు మాత్రం ఆ లిపిడ్ ప్రొఫైల్ వల్ల తరచూ మిగిలేది లేనిపోని టెన్షనే.

శాంపిల్‌ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక పైన తేరుకునే సీరమ్ లేత గడ్డిరంగులో ఉండాలి. కామెర్లవాళ్లది ముదురు పసుపు, ఒక్కోసారి గోధుమ ఛాయ కూడా. ఈ పసుపు తెచ్చే బిలిరుబిన్ మామూలుగా డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము అటూఇటూ ఉంటుంది. 2, 3 దాటితే కళ్లు పచ్చబడతాయి. పిత్తనాళం మూసుకుపోయినవాళ్లలో 20 కూడా దాటవచ్చు.

కొలెస్ట్రాల్ పరీక్ష రంగు మీద నడుస్తుంది. ఎంజైములు కొలెస్ట్రాల్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి. అది రీజెంట్‌తో (పరీక్షకు వాడే రసాయనంతో) కలిస్తే ఎర్రటి రంగు వస్తుంది. ఆ రంగు 500 నానోమీటర్ల దగ్గర ఎంత కాంతిని పీల్చిందో చూసి ఎనలైజర్ లెక్క కడుతుంది. బిలిరుబిన్ కూడా ఆ దాపునే, 450, 460 దగ్గర, కాంతిని బాగా పీలుస్తుంది. కామెర్ల కంటికి లోకమంతా పచ్చన అన్నట్టు యంత్రానికీ అంతా ఎక్కువగానే కనపడాలి కదా! చాలాసార్లు జరిగేది తలకిందులు. బిలిరుబిన్ ఆ పెరాక్సైడ్‌ని తానే వాడేసుకుంటుంది, రంగు తగ్గిపోతుంది, కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తాయి. దీన్ని తగ్గించడానికి కొన్ని రీజెంట్లలో ఫెర్రోసయనైడ్ కలుపుతారు. సీరమ్ ఎంత పచ్చగా ఉందో చాలా ఎనలైజర్లు ముందే కొలిచి హెచ్చరిస్తాయి కూడా.

నన్నడిగితే అసలు చిక్కు ఇది కాదు. పిత్తనాళంలో రాయి అడ్డుపడి పైత్యరసం ఆగిపోతే అందులోని ఫాస్ఫోలిపిడ్లు అనే కొవ్వులు, కొలెస్ట్రాల్ వెనక్కి రక్తంలోకి వస్తాయి. అక్కడ లైపోప్రోటీన్-ఎక్స్ అనే కణాలుగా కూడుకుంటాయి. సాంద్రతలో ఇవి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్‌ని మోసే కణాలు) లాంటివే, కానీ ఎల్‌డీఎల్ కావు. ఎల్‌డీఎల్‌కి గుర్తయిన అపోబి ప్రోటీన్ వీటిలో ఉండదు. ఎల్‌డీఎల్‌ని లెక్కగట్టే 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రానికి ఆ తేడా ఏం తెలుసు? మొత్తం కొలెస్ట్రాల్ 620, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 12, ట్రైగ్లిజరైడ్లు 200 అనుకోండి. 620 లోంచి 12, ఆపైన 200లో అయిదో వంతు 40 తీసేసి, ఎల్‌డీఎల్ 568 అని రాసేస్తుంది. అది చూసి ఇంటిల్లిపాదీ గుండె జబ్బు ఖాయం అనుకుంటారు.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలతో ఈ అంకె పెద్దగా దిగదు. కాలేయం ఎల్‌డీఎల్‌ని లాక్కునే ద్వారంలో ఈ కణాలు పట్టవు. అడ్డు తొలగితే అవే క్రమంగా పోతాయి. లిపిడ్ ప్రొఫైల్ ఆ తర్వాత చేయించుకోవాలి. ఈలోగా అనుమానం ఉంటే అపోబి పరీక్ష దారి చూపుతుంది.

డాక్టర్లని కూడా ఏమార్చేది సోడియం. ట్రైగ్లిజరైడ్లు బాగా పెరిగినా సోడియం తప్పుగా తక్కువ రావచ్చు, కానీ ఆ సీరమ్ పాలలా తెల్లబడి పట్టిస్తుంది. లైపోప్రోటీన్-ఎక్స్ ఎంతున్నా సీరమ్ తేటగానే ఉంటుంది. కానీ సీరమ్‌లో నీటి చోటుని అదే ఆక్రమిస్తుంది కాబట్టి, శాంపిల్‌ని పలచన చేసి కొలిచే పెద్ద యంత్రాల్లో సోడియం తక్కువని వస్తుంది. దాన్ని సరిచేయడానికి సెలైన్ పెట్టేముందు, పలచన చేయకుండా కొలిచే బ్లడ్ గ్యాస్ మెషీన్‌లో ఒకసారి చూడాలి.